ఉపకారమా, వేతనమా?

సేవారంగాల్లో చదువుకునే విద్యార్థులకు విశ్వవిద్యాలయాలు ఇచ్చే పతకాలు, ఉపకార వేతనాల వెనక పాత ధార్మిక ప్రశ్న ఒకటి ఉంది. ప్రతిఫలం కోరకుండా చేసేదే సేవ అయినప్పుడు దానికి ప్రతిఫలం ముట్టజెప్పడం ఎలా కుదురుతుంది? పుచ్చుకున్న తరువాత కూడా అది సేవగానే మిగులుతుందా? తెలుగులో స్కాలర్‌షిప్‌కు స్థిరపడిన పేరులోనే ఈ చిక్కు కనిపిస్తుంది. ఉపకారమంటే ఒకరు దయతలచి చేసేది. వేతనమంటే పనికి రావలసిన కూలి. ఉపకారానికి లెక్క ఉండదు, వేతనానికి లెక్కే ప్రాణం. ఆ రెండింటినీ ఒక్క మాటగా కుట్టి వాడుకలో పెట్టుకున్నారు కానీ, వాటి మధ్య తగువు మాత్రం తీరలేదు.

ఆ తగువును హైదరాబాద్ పడమటి అంచున ఉన్న ఖాజాగూడ చుట్టుపక్కల బాగా గమనించవచ్చు. ఐటీ కంపెనీల అద్దాల మేడలకు, పెద్ద చెరువుకు, కోట్ల ఏళ్లనాటి గ్రానైటు గుట్టలకు మధ్య ఇరుక్కున్న ఊరది. ఆ గుట్టల మీద అనంతపద్మనాభస్వామి గుడి ఉంది, ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, మెహెర్ బాబా ధ్యానం చేసిన చోటని భక్తులు చెప్పుకునే గుహ ఉంది. కాస్త దూరంలో గచ్చిబౌలి బయోడైవర్సిటీ పార్కు దగ్గర రోడా మిస్త్రీ సోషల్ వర్క్ కళాశాల కనిపిస్తుంది. ఇంకొంచెం ముందుకు వెళితే 1974లో మొదలైన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వస్తాయి. ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ సోషల్ వర్క్ విభాగం ఉంది. సేవ చదువుగా మారిన చోటు, సంపద పోగుపడిన చోటు, వైరాగ్యం కోసం మనుషులు గుట్టలెక్కిన చోటు ఇలా పక్కపక్కనే ఉండటం అరుదు.

షేక్‌పేట నుంచి గచ్చిబౌలి వైపు వెళ్లే పాత ముంబయి దారిలో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా ఉంది. హుసేన్ సాగర్‌కు ఆ పేరు ఈయన వల్లే వచ్చింది. 1562-63 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా చెరువు తవ్వించే పనిని ఈ సూఫీకి అప్పగించాడు. డబ్బు రాజుది, అధికారమూ రాజుదే. కట్ట మీద నిలబడి పని చేయించింది మాత్రం హుసేన్ షా వలీ. చెరువుకు తన పేరు రావాలని రాజు ఆశపడ్డాడనీ, జనం అప్పటికే దాన్ని హుసేన్ సాగర్ అని పిలవడం మొదలుపెట్టారనీ, ఆ వెలితి తీర్చుకోవడానికే ఇబ్రహీంపట్నం దగ్గర తన పేరిట ఇంకో చెరువు కట్టించుకున్నాడనీ నగరంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ కథలో ఏ పాళ్లు చరిత్రో, ఏ పాళ్లు జనం తీర్పో విడదీయడం కష్టం. తీర్పు మాత్రం స్పష్టం. డబ్బు ఇచ్చినవాడికంటే పనిచేసినవాడి పేరునే జనం నిలబెట్టుకున్నారు. వలీ ఆ పేరు అడిగినట్టు కథ ఎక్కడా చెప్పదు. అడగకుండా వచ్చిన గౌరవాన్ని ఆయన తోసిపుచ్చినట్టు కూడా చెప్పదు.

అడగని గౌరవానికి, అడిగించుకుని ఇచ్చే గౌరవానికి ఉన్న తేడా ఆధునిక విశ్వవిద్యాలయంలో చాలా ముఖ్యం. దరఖాస్తు, ధ్రువపత్రం, ఎంపిక సంఘం లేకుండా ఇక్కడ ఏ పురస్కారమూ రాదు. భారతదేశంలో విద్యార్థి సేవకు పెద్ద చట్రం జాతీయ సేవా పథకం, అందరి నోటా ఎన్‌ఎస్‌ఎస్. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు దాన్ని 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభించారు. దాని చిహ్నం కోణార్క రథచక్రం. ‘నేను కాదు, నువ్వు’ అన్నది దాని ఆదర్శం. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత తీసుకున్న ఊళ్లో ఒక ప్రత్యేక శిబిరం పూర్తిచేసిన వలంటీరుకు ధ్రువపత్రం ఇస్తారు. 1993-94లో, పథకానికి పాతికేళ్లు నిండే వేళ, జాతీయ పురస్కారాలు కూడా మొదలయ్యాయి. ఉన్నత విద్య ప్రవేశాల్లో కొన్నిచోట్ల ఎన్‌ఎస్‌ఎస్ కోటా కూడా ఉంది. ‘నేను కాదు’ అనే ఆదర్శంతో మొదలైన గంటలు చివరికి ‘నా సీటు’ దగ్గర తేలే అవకాశం ఇక్కడే ఏర్పడుతుంది. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం అని సంతోషించేవాళ్లు ఉన్నారు. సేవ పలచబడిపోయిందని బాధపడేవాళ్లూ ఉన్నారు.

బాధపడేవాళ్లు ఎక్కువగా ఆశ్రయించేది భగవద్గీతనే. కర్మ మీదే అధికారం, ఫలం మీద కాదన్న రెండో అధ్యాయపు బోధ తెలుగిళ్లలో తెలియనివాళ్లు తక్కువ. దాన్ని పట్టుకుని, మంచి పని చేసే కుర్రవాడికి డబ్బెందుకు, పతకమెందుకు అంటారు. ఈ వాదంలో ఒక పొరపాటు ఉంది. గీత ఆ మాట చెప్పింది కర్మ చేయబోతున్న అర్జునుడితో. అది చేసేవాడు తన మనసుకు తాను పెట్టుకోవలసిన నియమం. పక్కన నిలబడి చూసేవాడు చేసేవాడి మీద రుద్దే షరతు కాదు. కూలి అడగకూడదని కూలివాడు తనంతట తాను అనుకుంటే అది త్యాగం. ఆ మాటే యజమాని అంటే దోపిడీ. నిష్కామం పేరు చెప్పి సేవ చేసేవాళ్లను అర్ధాకలితో ఉంచిన సంస్థలన్నీ ఈ తేడాను చెరిపేసినవే.

ఇచ్చేవాడి గురించి గీత వేరుగా, పదిహేడో అధ్యాయంలో చెప్పింది. తిరిగి ఏమీ చేయలేనివాడికి, తగిన చోట, తగిన కాలంలో, ఇవ్వడం ధర్మమని ఇచ్చేది సాత్త్విక దానం. బదులు ఆశించో, లోలోపల బాధపడుతూనో ఇచ్చేది రాజసం. గౌరవం లేకుండా, చులకన చేస్తూ ఇచ్చేది తామసం. ఈ కొలతతో చూస్తే కంపెనీ పేరు, చిహ్నం ముద్రించిన పెద్ద అట్ట చెక్కును విద్యార్థి చేతికిచ్చి ఫొటో తీయించే సభ రాజసమే. పేదరికాన్ని వేదిక మీద చదివి వినిపించే సభ అంతకంటే కింది మెట్టు మీద ఉంటుంది. ఇక పురస్కారానికి సమర్థన కావాలంటే మూడో అధ్యాయంలోని లోకసంగ్రహం అనే మాటలో దొరుకుతుంది. పెద్దలు నడిచిన దారినే లోకం నడుస్తుంది కనుక జనకాదులు కర్మ మానలేదని అక్కడి తర్కం. స్నాతకోత్సవంలో సేవకు ఇచ్చే పతకాన్ని ఆ వెలుగులో చూస్తే, అది పుచ్చుకున్నవాడికి చెల్లింపు కాదు. కింద కూర్చుని చూస్తున్న వందలమందికి ఒక దారి చూపించడం. గణితంలో మొదటి స్థానానికి బంగారు పతకం ఉండి, బస్తీలో రెండేళ్లు పనిచేసినవాడికి ఏమీ లేకపోతే, విశ్వవిద్యాలయం నోరు విప్పకుండానే ఒక విలువను ప్రకటించినట్టు అవుతుంది.

పేరు ప్రకటించడం తప్పా అన్నదానికి తెలుగునేల మీద బౌద్ధం ఏనాడో తన పద్ధతిలో జవాబిచ్చింది. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ మహాచైత్యానికి ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి సోదరి చాంతిసిరి చేయించిన దానాలు ప్రాకృత శాసనాల్లో ఉన్నాయి. తన పుట్టింటి, మెట్టినింటి కులాల మేలు, సమస్త లోక హితసుఖాలు కోరి ఇచ్చినట్టు ఆమె చెక్కించింది. అంతకు ముందటి అమరావతి స్తూపంలో రాణులూ శ్రేష్ఠులే కాదు, విధికుడు అనే తోలుపనివాడు పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చినట్టు కూడా రాసి ఉంది. ఆ శాసనాలను గొప్పలు చెప్పుకోవడంగా తీసిపారేయడం తొందరపాటు. పుణ్యాన్ని లోకానికంతా పంచిపెడుతున్నానని చెప్పడానికి పంచేవారి పేరు ఉండక తప్పదు. పైగా ఆ రాతి మీద పేరు లేకపోతే అమరావతిలో ఒక తోలుపనివాడు దాత అయ్యాడన్న సంగతి రెండువేల ఏళ్ల తరువాత ఎవరికి తెలిసేది? మహాయాన బౌద్ధం దీనికి ఇంకో అంచు చేర్చింది. ఇచ్చేవాడు, ఇచ్చే వస్తువు, పుచ్చుకునేవాడు అనే మూడింటిలోనూ ‘నేను, నాది’ అనే పట్టు సడలినప్పుడే దానం పరిశుద్ధమవుతుందని చెప్పింది. పేరు రాతి మీద ఉండవచ్చు, మనసులో మాత్రం ఉండకూడదన్నమాట.

ఖురాన్ రెండో అధ్యాయం కూడా బహిరంగ దానాన్ని మంచిదే అంటుంది, రహస్యంగా పేదలకు చేరవేసేది ఇంకా మేలంటుంది. అదే అధ్యాయంలో, ఇచ్చిన తరువాత దెప్పడం, మనసు నొప్పించడం ఆ దానాన్నే రద్దు చేస్తుందన్న హెచ్చరిక ఉంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి సువార్త మాట తెలుగులో మతంతో పనిలేకుండా అందరూ వాడే నుడికారమైపోయింది.

ఇంతవరకు వచ్చినది పతకం సంగతి. ఉపకార వేతనం దారి వేరు. పతకం పని అయ్యాక వస్తుంది, ఉపకార వేతనం పనికి ముందే రావాలి. అది లేకపోతే పనే మొదలు కాదు. సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎం.ఎస్.డబ్ల్యు., చేసే విద్యార్థి సాధారణంగా వారంలో రెండు రోజులు ఫీల్డ్ వర్క్‌కు వెళ్లాలి. బస్తీ, ఆసుపత్రి, బాలల గృహం, జైలు, ఊరు, ఎక్కడైనా సరే. ఆ రోజుల్లో ట్యూషన్ చెప్పుకునో, దుకాణంలో పనిచేసో నాలుగు డబ్బులు సంపాదించే వీలుండదు. బస్సు చార్జీలు, మధ్యాహ్నం తిండి, నివేదికల ఖర్చు చేతి నుంచే పడతాయి. చదువు పూర్తయ్యాక వచ్చే జీతం పక్కనే ఉన్న ఐటీ టవర్లలో వచ్చే జీతానికి దరిదాపుల్లో ఉండదు. బ్యాంకు రుణం తీసుకుని ఈ చదువు చదివితే తీర్చడం ఎలాగన్నది నిజమైన ప్రశ్న. కలిగినవాళ్ల పిల్లలే సేవను చదువుగా ఎంచుకోగలిగిన రోజున, పేదల గురించి పేదలు కానివాళ్లే మాట్లాడే రంగంగా అది కుంచించుకుపోతుంది.

చదువుకునేవాడికి తిండి పెట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ల కథలు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోంచేస్తూ చదువు సాగించిన కుర్రవాళ్ల భారాన్ని ఊళ్లో ఏడిళ్లు పంచుకునేవి. ఏ ఇంటి పేరూ ఏ పలక మీదా ఎక్కేది కాదు. అయితే ఆ ఏర్పాటు గడప దాటి లోపలికి రాగలిగిన కులాలకే దొరికింది. మిగతా పిల్లలకు వారమూ లేదు, అరుగూ లేదు. ఆ లోటు పూడ్చడానికి మొదట కులాల వసతిగృహాలు వచ్చాయి. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ వాటిలో పేరున్నది. ఆ తరువాత ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి.

పుచ్చుకోవడంలోని మర్యాదకు కాళిదాసు రఘువంశం అయిదో సర్గలోని కౌత్సుడి కథను మించినది లేదు. చదువు ముగిశాక కౌత్సుడు గురుదక్షిణ ఏమివ్వమంటారని వరతంతు మహర్షిని అడుగుతాడు. ఇన్నాళ్లూ నువ్వు భక్తితో చేసిన సేవే చాలు పొమ్మంటాడు గురువు. శిష్యుడు పట్టు విడవకపోయేసరికి కోపం వచ్చి, నేర్పిన పద్నాలుగు విద్యలకు పద్నాలుగు కోట్లు తెమ్మంటాడు. కౌత్సుడు రఘుమహారాజు దగ్గరికి వెళ్లేసరికి ఆయన విశ్వజిత్ యాగంలో సర్వస్వం దానం చేసి మట్టిపాత్రలో అర్ఘ్యం ఇచ్చే స్థితిలో ఉన్నాడు. విద్యార్థిని వట్టి చేతులతో పంపడం ఇష్టం లేక రాజు కుబేరుడి మీదికి బయలుదేరబోతాడు. రాత్రికి రాత్రి కోశాగారంలో బంగారం కురుస్తుంది. అంతా నీదే తీసుకోమంటాడు రఘువు. గురువుకు ఇవ్వవలసినదానికి మించి ఒక్క కాసు వద్దంటాడు కౌత్సుడు. అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వాలనే దాతను, అవసరానికి మించి ముట్టని విద్యార్థిని చూసి అయోధ్యవాసులు ఇద్దరినీ మెచ్చుకున్నారు. ఈ కథలో ఒక సూక్ష్మం ఉంది. సేవకు వెల కట్టవద్దని మొదట అన్నది గురువే. వెల కట్టించుకున్నది శిష్యుడి పట్టుదల. అయినా ఆ వెల తీర్చడానికి సాయం చేయడం తన ధర్మమని రాజు అనుకున్నాడు తప్ప, పట్టుదలకు పోయిన నీ తప్పే అని గుమ్మం నుంచి పంపేయలేదు.

రాజు స్థానంలో ఇప్పుడు ప్రభుత్వమూ, కంపెనీలూ ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విద్య ఆ జాబితాలో ఉంది. ఖాజాగూడ చుట్టూ ఉన్న మేడల్లో ఈ లెక్కలోకి వచ్చే కంపెనీలు తక్కువేమీ కావు. చట్టం అడిగితే ఇచ్చినది దానమవుతుందా అని కొందరి సందేహం. ఇస్లాంలో ఈ సందేహానికి తావే లేదు. జకాత్ తప్పనిసరి. నిర్ణీత మొత్తం దాటి ఏడాదిపాటు నిలిచిన సొమ్ములో నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం ఇవ్వాలి. తప్పనిసరి కావడం దాని పుణ్యాన్ని తగ్గించదు. ఎందుకంటే ఆ భాగం మొదటినుంచీ ఇచ్చేవాడిది కాదు. అడిగేవాడికీ, అడగలేక మిగిలిపోయినవాడికీ ఆ సొమ్ములో హక్కు ఉందని ఖురాన్ భావన. అడగందే అమ్మయినా పెట్టదన్న లోకజ్ఞానానికి ఇది పూర్తి ఎదురు.

హక్కు అన్న మాట తరగతి గదిలోకి కూడా వచ్చింది. 2018 ఫిబ్రవరిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అంటే టిస్, విద్యార్థులు ముంబయి, తుల్జాపూర్, గువాహటి, హైదరాబాద్ ప్రాంగణాల్లో సమ్మెకు దిగారు. కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు అర్హులైన దళిత, ఆదివాసీ విద్యార్థులకు హాస్టల్, భోజన రుసుముల్లో ఉన్న మినహాయింపును తీసేయడం వారి ఫిర్యాదు. నిధుల కొరత సంస్థ చెప్పిన కారణం. 1936లో దేశంలోనే మొదటి సోషల్ వర్క్ పాఠశాలగా పుట్టిన సంస్థలో ఈ ప్రశ్న రావడం గమనించదగ్గది. సమానత్వం పాఠంగా నేర్చుకునే విద్యార్థులు తమ భోజనం ఉపకారమా, హక్కా అని అడిగారు. మూడు రుణాల గురించి చెప్పే వైదిక భావన కూడా వాళ్ల వైపే మొగ్గుతుంది. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు రుణపడి ఉంటాడనీ, ఋషిరుణం చదువుతో తీరుతుందనీ ఆ భావన. చదువు రుణం తీర్చే మార్గమైతే, దానికి అడ్డుపడటం మనిషిని రుణగ్రస్తుడిగా ఉంచేయడమే అవుతుంది.

ఎంపికే అన్నింటికంటే కష్టమైన చోటు. సేవను కొలవడానికి గంటలు, ఫొటోలు, ఉత్తరాలు, వ్యాసాలు తప్ప ఎంపిక సంఘాల చేతిలో సాధనాలు లేవు. ఆదివారం పూట చెరువు గట్టున ప్లాస్టిక్ ఏరిన మూడు గంటలకు సాక్ష్యం సులువుగా దొరుకుతుంది. మంచాన పడిన పక్కింటి అవ్వను ఏడాదిపాటు ఆసుపత్రికి తిప్పిన అమ్మాయికి ఏ సంస్థా ధ్రువపత్రం ఇవ్వదు. కొలవగలిగినదే విలువైనదన్న అలవాటు సేవలోకి చొరబడితే, కొలవడానికి వీలైన సేవ మాత్రమే పెరుగుతుంది. ఇంకో నష్టం కనిపించకుండా జరుగుతుంది. ఉపకార వేతనం దరఖాస్తులో విద్యార్థి తన ఇంటి దరిద్రాన్ని ఎంత కరుణగా వర్ణిస్తే అంత లాభం. తైత్తిరీయోపనిషత్తు స్నాతకుడికి చేసే ఉపదేశంలో ఇవ్వడం గురించి చెబుతూ శ్రద్ధతో, సిగ్గుతో ఇవ్వమంటుంది. సిగ్గు పడవలసింది ఇచ్చేవాడు. ఇస్తున్నది చాలదేమోనని, తన దగ్గర ఇంత ఉండి ఎదుటివాడి దగ్గర లేకపోవడం ఏమిటని. మన దరఖాస్తు ఫారాలు ఆ సిగ్గును తీసి అడిగేవాడి నెత్తిన పెట్టాయి. ఆదాయ ధ్రువపత్రం ఒక్కటి చాలనుకుని కన్నీటి వ్యాసాన్ని తీసేయడానికి ఏ సంస్థకూ అదనపు ఖర్చు కాదు.

గౌరవాన్ని పుచ్చుకున్నవాళ్లూ, కాదన్నవాళ్లూ తెలుగునేలలో ఇద్దరూ ఉన్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో బాలికా వలంటీరుగా, ఖాదీ ప్రదర్శన గుమ్మంలో టికెట్టు లేని జవాహర్‌లాల్ నెహ్రూను ఆపేశారు. నిర్వాహకులు మందలించినా, తనకు అప్పగించిన పని తాను చేశానన్నారు. ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఎందరో ఆడపిల్లలకు చదువు చెప్పింది, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. 1975లో పద్మవిభూషణ్ వస్తే స్వీకరించారు. దానివల్ల ఆమె సేవ వీసమెత్తు తగ్గలేదు. ఎస్.ఆర్. శంకరన్ దారి వేరు. తమిళనాడులో పుట్టి ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఆయన వెట్టిచాకిరి విముక్తికి, దళిత, ఆదివాసీ పిల్లల చదువుకు జీవితం ఇచ్చారు. పెళ్లి చేసుకోలేదు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన కాలంలో హాస్టళ్లకు, స్కాలర్‌షిప్‌లకు ప్రభుత్వ నిధుల కోసం పోరాడారు. తన జీతంలోంచి, ఆ తరువాత పింఛనులోంచి, పేద విద్యార్థుల ఫీజులు కడుతూ వచ్చారు. 2010లో కన్నుమూసేదాకా ఆ అలవాటు మానలేదు. తనకు వద్దన్న గౌరవాన్ని చూపించి, విద్యార్థులను కూడా ఏమీ ఆశించవద్దని ఆయన ఎన్నడూ అనలేదు.